మీరెవరు?

రెండు వారాల కిందటే ఆఫీసులో వివక్ష మీద ట్రైనింగ్ పూర్తి చేశాను. చివరి క్విజ్‌లో పదికి పది, సర్టిఫికెట్ కూడా వచ్చింది. అలాంటి నాకు మొన్న లంచ్ టేబుల్ దగ్గర పాతికేళ్ల పిల్లవాడు గడ్డి పెట్టాడు.

మాది దేవరకొండ దగ్గర పల్లె. సియాటెల్‌లో పదకొండేళ్లుగా ఉద్యోగం. కొత్తగా చేరిన ఆ అబ్బాయిది అచ్చంపేట అని తెలియగానే ప్రాణం లేచొచ్చింది, డిండి దాటితే వాళ్ల వైపే కదా. జొన్నరొట్టె డబ్బా అతని ముందుకు జరిపి, మన అలవాటు ప్రకారం మొదలుపెట్టాను. ఏ ఊరు, నాన్న ఏం చేస్తారు, ఇంటి పేరేంటి. అన్నీ చెప్పాడు. ఆ ఇంటి పేరును బట్టి నాకేమీ అంతుపట్టలేదు. "అంటే, మీరెవరు?" అన్నాను.

రొట్టె తుంచుతున్న చెయ్యి ఆగింది. "అన్నా, ఊరడిగారు, చెప్పాను. ఇది మాత్రం ఇంకెవరినీ అడగకండి" అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది, నాకూ కోపం వచ్చి పోయేది.

ఆ రాత్రంతా మనసులో అతనితో ఒకటే వాదన. వరస కలుపుకోవడానికి అడిగితే తప్పా? నల్లగొండ బస్సెక్కితే పక్క సీటాయన టికెట్ తీసుకునేలోపే అడుగుతాడు. ఇక్కడివాళ్లకేం, పక్కింట్లో ఎవరుంటారో కూడా తెలియకుండా ఇరవయ్యేళ్లు బతికేస్తారు. వాళ్ల పద్ధతులు మనకెందుకు అని కూడా అనుకున్నాను, వాళ్ల జీతం తీసుకుంటూనే.

నిజం చెప్పాలంటే ఆ ట్రైనింగ్ నాకు నచ్చింది. టైమ్ అయ్యేదాకా 'నెక్స్ట్' బటన్ పనిచేయదు కాబట్టి అందరూ తిట్టుకుంటారు, నేను మాత్రం చదివాను. 1964 చట్టం ప్రకారం జాతి, రంగు, మతం, లింగం, పుట్టిన దేశం చూసి ఉద్యోగంలో తేడా చూపకూడదు. 1967లో ఇంకో చట్టం వచ్చి నలభై నిండినవాళ్లకు రక్షణ ఇచ్చింది. ఫిర్యాదు చేసినవాళ్ల మీద కక్ష తీర్చుకోవడం కూడా చట్టవిరుద్ధమే. ఇవి చదువుతున్నంతసేపూ నా యాస విని మీటింగుల్లో నా మాట దాటేసిన పాత మేనేజరే కళ్ల ముందు మెదిలాడు. దెబ్బ తిన్నవాడిని నేనే అన్నమాట.

కులం స్లైడ్ కూడా ఉంది. 2023 ఫిబ్రవరిలో సియాటెల్ కౌన్సిల్ కులవివక్షను నిషేధించింది, అమెరికాలో ఆ పని చేసిన మొదటి నగరం ఇదే. ఆ ఏడాదే కాలిఫోర్నియాలో ఇలాంటి బిల్లు సభలు దాటింది కానీ అక్టోబర్‌లో గవర్నర్ వీటో చేశాడు. అప్పుడు మా వాట్సాప్ గ్రూపులో ఎవరో "అమెరికాలో కులం ఎక్కడుంది, అనవసరంగా మన పరువు తీస్తున్నారు" అని పెడితే నేను బొటనవేలు గుర్తు కొట్టాను. మొన్నటి క్విజ్‌లోనూ, కొత్త ఉద్యోగి ఇంటి పేరు గుచ్చి గుచ్చి అడిగే సహోద్యోగి గురించి ఒక ప్రశ్న ఉంది. క్షణంలో సరైన జవాబు నొక్కేశాను.

నువ్వేమనుకుని అన్నావన్నది కాదు, అవతలివాడికి ఏం తగిలిందో చూడు అంటుంది ఆ ట్రైనింగ్. నాకది ఎక్కలేదు. తెల్లవారుజామున ఎందుకో మా ఊరి హోటల్ గుర్తొచ్చాక కొంచెం ఎక్కింది. పందిరి గుంజకు మేకులు, మేకులకు చెవులున్న అల్యూమినియం గ్లాసులు. కొందరు అవే తీసుకుని, పైనుంచి పోస్తే తాగి, కడిగి, మళ్లీ అక్కడే తగిలించి పోయేవాళ్లు. మా నాన్నతో వెళ్తే నాకు గాజు గ్లాసులో వచ్చేది, బెంచీ మీద కూర్చుని తాగేవాడిని. కొత్త మనిషి ఎవరైనా వస్తే హోటలాయన స్టవ్ దగ్గర నుంచే ఆప్యాయంగా పలకరించేవాడు. ఏ ఊరు, ఎవరింటికొచ్చారు, ఇంతకీ మీరెవరు? ఆ తర్వాతే చెయ్యి గ్లాసు మీదికి వెళ్లేది.

పొద్దున అతనికి పెద్ద మెసేజ్ రాసి, సగం సంజాయిషీలా ఉందనిపించి కొట్టేసి, "సారీ తమ్ముడూ" అని మాత్రం పంపాను. "పర్లేదు అన్నా" అని వచ్చింది. లంచ్‌కి మాత్రం మా టేబుల్ వైపు రావడం లేదు.

ఆదివారం అమ్మకు ఫోన్ చేసినప్పుడు మాటల్లో అచ్చంపేట అబ్బాయి చేరాడని చెప్పాను.

"అవునా! మన దిక్కోడే. ఎవలోళ్ల పిలగాడు బిడ్డా?" అంది సంబురంగా.

"అడగలేదమ్మా" అన్నాను.