రింగ్ అదే, రాసేవాళ్ళే వేరు

గెలుపోటములు ముందే రాసుకుని ఆడే కుస్తీ డబ్ల్యూడబ్ల్యూఈది. ఆ అమెరికన్ కంపెనీ సోమవారం వేసే పెద్ద షో 'రా' చూడనని మా పదేళ్ళవాడు తెగేసి చెప్పాడు. మంగళవారం వచ్చే వాళ్ళ చిన్న షో ఎన్‌ఎక్స్‌టీ మాత్రం వదలడు. ఎందుకురా అంటే ఒకటే మాట: "అక్కణ్ణుంచి రాకి వెళ్తే అందరూ పాడైపోతారు నాన్నా." డబ్ల్యూడబ్ల్యూఈ అభిమానులు ఏళ్ళ తరబడి అంటున్న మాటే ఇది. కానీ చిన్న చోట బాగున్నవాళ్ళు పెద్ద చోటికి వెళ్తే చెడిపోతారని అమెరికాలో పెరుగుతున్న మన పిల్లాడు ఇప్పుడే తేల్చుకోవడం నాకు నచ్చలేదు. ఆ మాటలో నిజమెంత, పొరపాటెంత అన్నది పిల్లల పక్కన కూర్చుని చూసే తల్లిదండ్రులకు తెలిసుండాలి.

ముందు ఎన్‌ఎక్స్‌టీ దేనికి పుట్టిందో చూడాలి. 2010లో అది ఒక పోటీ కార్యక్రమం. 2012లో ఫ్లోరిడా ఛాంపియన్‌షిప్ రెజ్లింగ్ అనే పాత శిక్షణ విభాగం స్థానంలో, కొత్తవాళ్ళకు తర్ఫీదు ఇచ్చే షోగా మారింది. వింటర్ పార్క్‌లోని ఫుల్ సెయిల్ యూనివర్సిటీలో రికార్డు చేసేవారు. తొలి ఛాంపియన్ సెత్ రోలిన్స్. 2013 జూలైలో ఓర్లాండోలో పర్ఫార్మెన్స్ సెంటర్ తెరిచారు. ఒకే కప్పు కింద ఏడు రింగులు. మైకు పట్టుకుని మాట్లాడటం ఎలాగో అక్కడ పాతతరం రెజ్లర్ డస్టీ రోడ్స్ 2015లో పోయేదాకా స్వయంగా నేర్పారు.

అక్కడ మొదట నేర్పేది పడటం. గడ్డం ఛాతీకి ఆనించాలి. వీపు పైభాగమంతా ఒక్కసారిగా నేలను తాకాలి. చేతులు పక్కలకు చాచి అరచేతులతో గట్టిగా చరచాలి, ఆ క్షణాన ఊపిరి వదిలేయాలి. గడ్డం లేచిందా, తల వెనక భాగం కొట్టుకుంటుంది. భయంతో చెయ్యి వెనక్కి ఆనించారా, మణికట్టో మోచెయ్యో పోతుంది. పిల్లలు ఇంట్లో అనుకరించినప్పుడు దెబ్బ తగిలేది కూడా సరిగ్గా ఈ రెండు చోట్లే. డబ్ల్యూడబ్ల్యూఈ రింగ్ 20 అడుగుల చదరం. కింద ఉక్కు దూలాలు, వాటిపై చెక్క పలకలు, పలకల మీద పల్చటి ఫోమ్, ఆపైన కాన్వాస్. మనిషి పడినప్పుడు ఆ చట్రం కాస్త కిందికి వంగి తిరిగి లేస్తుంది. ఇంట్లో గచ్చు వంగదు. "చెయ్యకు" అని అరిచేకన్నా ఈ తేడా విడమరిచి చెబితే పిల్లలకు ఎక్కుతుంది.

తర్వాతి పాఠం కెమెరా. రింగ్‌కి ఒక వైపు కదలకుండా ఉండే పెద్ద కెమెరా ఉంటుంది, దాన్ని హార్డ్ కెమెరా అంటారు. పట్టు వేసినా, పట్టులో చిక్కినా ముఖం అటు తిరగాలి. కొత్తవాళ్ళు ఇది మరిచిపోయి వీపు చూపిస్తారు. రిఫరీ చెవిలో చిన్న పరికరం ఉంటుంది. ఎంత సమయం మిగిలిందో అందులో వింటాడు, పడి ఉన్నవాడి మీదికి వంగి "బాగున్నావా" అని అడిగే సాకుతో ఆ కబురు చేరవేస్తాడు. రెండు చేతులూ పైకెత్తి గుణకారం గుర్తులా పెట్టాడంటే మామూలుగా నిజం దెబ్బ తగిలిందని. ఇవి ఒకసారి చూపిస్తే పిల్లలు గెలుపోటములు మానేసి పనితనం చూడటం మొదలుపెడతారు.

ఇక ఎన్‌ఎక్స్‌టీ ఎందుకు మెరుగనిపించేది? అసలు కిటుకంతా సమయంలో ఉంది. 2019 సెప్టెంబరు దాకా అది వారానికి ఒక్క గంట. ఒకే సాయంత్రం కొన్ని వారాల ఎపిసోడ్లు వరసగా రికార్డు చేసేవారు కాబట్టి కథ ముందే సిద్ధంగా ఉండాలి, మధ్యలో మనసు మార్చుకుంటే కుదరదు. టేక్‌ఓవర్ అనే పెద్ద షో రెండు మూడు నెలలకొకటి, అందులో ఐదారు మ్యాచ్‌లే. ఇద్దరు టేక్‌ఓవర్‌లో తలపడాలంటే అంతకుముందు వారాలన్నీ ఒకరినొకరు తప్పించుకు తిరిగేవారు. మాటలు, చూపులు, ఎవరో ఒకరి స్నేహితుడికి దెబ్బలు. తీరా ఎదురుపడేసరికి జనం ఆకలి మీదుండేవారు.

రా సంగతి పూర్తిగా వేరు. 2012 జూలై 23న వెయ్యో ఎపిసోడ్‌తో అది మూడు గంటలైంది, ఆ తర్వాత పన్నెండేళ్ళకు పైగా అలాగే నడిచింది. ఏడాదికి 52 వారాలు, సెలవు లేదు. అంత సమయం నింపాలంటే చూపించిన మ్యాచే మళ్ళీ చూపించాలి. ఒక వారం వీడు గెలుస్తాడు, వచ్చే వారం వాడు. ఇద్దరినీ కాపాడుతున్నామనుకుంటారు గానీ చివరికి ఇద్దరూ చప్పగా మిగులుతారు. నెలకోసారి వచ్చే పెద్ద షోకి చేరేసరికి ఆ మ్యాచ్‌ని జనం టీవీలో రెండుసార్లు ఊరికే చూసేసి ఉంటారు.

ప్రకటనల విరామం ఇంకో చిక్కు. కేబుల్ టీవీలో మ్యాచ్ ఒక పద్ధతిలో నడవాలి. మొదట మూడు నాలుగు నిమిషాల జోరు, తర్వాత ఎవరో ఒకరు రింగ్ బయటికి దూకడమో బయట పడటమో, వెంటనే విరామం. తిరిగొచ్చేసరికి దుష్టపాత్ర మెడ పట్టు వేసి కూర్చుని ఉంటాడు. అక్కడి నుంచి మంచివాడు లేస్తాడు, చివరి ఊపు, ముగింపు. ఎవరు ఆడినా ఇదే అచ్చు. కంపెనీ సొంత స్ట్రీమింగ్ సేవ డబ్ల్యూడబ్ల్యూఈ నెట్‌వర్క్‌లో ఉన్నన్నాళ్ళు ఎన్‌ఎక్స్‌టీకి ఈ బెడద లేదు. 2019 సెప్టెంబరు 18న యూఎస్‌ఏ నెట్‌వర్క్ అనే కేబుల్ చానెల్‌కి మారి, అక్టోబరు 2 నుంచి ఏఈడబ్ల్యూ అనే వేరే కుస్తీ కంపెనీ షో డైనమైట్‌కి పోటీగా రెండు గంటల ప్రత్యక్ష ప్రసారం మొదలుపెట్టాక దాని వారపు మ్యాచ్‌లకూ ఇదే అచ్చు పడింది. ఆడేది అదే మనుషులు, అయినా మ్యాచ్ తీరు మారిపోయింది. తేడా మనుషుల్లో కాదు, గడియారంలో ఉందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

జనం కూడా లెక్కలోకి వస్తారు. ఫుల్ సెయిల్‌లో దాదాపు అదే గుంపు ప్రతిసారీ వచ్చేది. ఎవరి గతం ఏమిటో, ఏ చిన్న సైగకు ఏ అర్థమో వాళ్ళకు తెలుసు. పదివేలమంది కూర్చునే అరీనాలో పై వరసలవాళ్ళకు కనుబొమ్మ కదలిక కనిపించదు. చిన్న హాల్లో పనిచేసిన సైగ అక్కడ తేలిపోతుంది, అన్నీ పెద్దవి చేసుకోవాలి. అది నేర్చుకోవడానికి ఏడాది రెండేళ్ళు పట్టేవాళ్ళున్నారు. ఈలోపు "పాడైపోయాడు" అని జనం తీర్పు చెప్పేస్తారు.

ఇవన్నీ ఒక ఎత్తు, కలం ఒక ఎత్తు. 2022 జూలైలో తప్పుకునేదాకా రా మీద, కంపెనీ రెండో పెద్ద షో స్మాక్‌డౌన్ మీద ఆఖరి మాట కంపెనీ అధిపతి విన్స్ మెక్‌మాన్‌ది. 2021 దాకా ఎన్‌ఎక్స్‌టీ మాత్రం అతని అల్లుడు, మాజీ రెజ్లర్ ట్రిపుల్ హెచ్‌ది. ఇద్దరి అభిరుచులకూ పొంతన లేదు. కారియన్ క్రాస్ అనే రెజ్లర్ సంగతే తీసుకోండి. ఎన్‌ఎక్స్‌టీలో పొగ, చీకటి, పక్కన సహచరి స్కార్లెట్, నెమ్మదిగా నడిచే ఆ ప్రవేశం, అదే అతని సగం బలం. 2021 జూలై 19న, ఎన్‌ఎక్స్‌టీ ఛాంపియన్‌గా ఉండగానే, స్కార్లెట్ లేకుండా రాలో దింపారు. జెఫ్ హార్డీ చేతిలో రెండు నిమిషాలు తిరక్కుండానే ఓడిపోయాడు. తర్వాత గ్లాడియేటర్ శిరస్త్రాణం లాంటిది తగిలించారు. నవంబరుకల్లా ఉద్యోగమే పోయింది. అంతకుముందు ది అసెన్షన్ జంటకూ దాదాపు ఇదే జరిగింది. ఎన్‌ఎక్స్‌టీ ట్యాగ్ (జంటల) టైటిల్‌ని ఏడాది దగ్గర దగ్గరగా నిలబెట్టుకున్నవాళ్ళను రాకి తెచ్చిన కొద్ది వారాలకే పాతతరం వాళ్ళ చేత తన్నించి నవ్వులపాలు చేశారు. కాబట్టి మావాడి మాట గాల్లోంచి వచ్చింది కాదు.

పిల్లలకు ఎక్కువగా గుచ్చుకునేది పేర్లు మార్చడం. ఆంటోనియో సెజారో ఉట్టి సెజారో అయ్యాడు, అలెగ్జాండర్ రూసెవ్ ఉట్టి రూసెవ్, అడ్రియన్ నెవిల్ ఉట్టి నెవిల్. పీట్ డన్ అయితే 2022లో స్మాక్‌డౌన్‌కి రాగానే బుచ్ అయిపోయాడు. వేళ్ళు విరిచే ఆ గట్టి మనిషికి టోపీ పెట్టి, గొలుసు తెంచుకున్న కుక్కపిల్లలా పరుగెత్తించారు. 2024 జనవరిలో గానీ సొంత పేరు తిరిగి రాలేదు. బడిలో పేరు సగానికి కత్తిరించి పిలిపించుకునే మన పిల్లలకు ఇది వేరే చెప్పక్కర్లేదు. అందుకే వాళ్ళ కోపాన్ని "ఆటే కదా" అని కొట్టిపారేయకూడదంటాను. బుచ్‌గా ఉన్నన్నాళ్ళూ రింగ్‌లో అతని పట్లు, అతని వేగం ఏమాత్రం తగ్గలేదన్నది కూడా చూపించాలి.

అసలు "పాడైపోతారు" అన్నది సూత్రం కాదు. రోమన్ రెయిన్స్ ఎప్పుడూ ఎన్‌ఎక్స్‌టీ ఛాంపియన్ కాలేదు, అయినా పెద్ద షోల్లో అగ్రతార అయ్యాడు. బియాంకా బెలెయిర్ అక్కడి మహిళల టైటిల్ గెలవనేలేదు, అయినా 2021లో కంపెనీ ఏడాదికోసారి జరిపే అతి పెద్ద షో రెసిల్‌మేనియా 37 మొదటి రాత్రి ఆఖరి మ్యాచ్ ఆమెదే. బెకీ లించ్ 2019లో రెసిల్‌మేనియా 35 చివరి మ్యాచ్ గెలిచిన నాలుగేళ్ళకు, 2023లో, వెనక్కి వచ్చి ఎన్‌ఎక్స్‌టీ టైటిల్ గెలుచుకుంది. గుంథర్ పేరూ మార్చారు, ఒళ్ళూ తగ్గించుకున్నాడు, అయినా ఇంటర్‌కాంటినెంటల్ టైటిల్‌ని 666 రోజులు నిలబెట్టుకున్నాడు.

అందరికంటే బేలీ కథ బాగా చెబుతుంది. 2015లో ఎన్‌ఎక్స్‌టీకి ప్రాణం ఆమె. పిల్లలను హత్తుకునే, కల్మషం లేని పాత్ర. 2016 ఆగస్టులో రాకి వచ్చాక ఆ అమాయకత్వాన్ని తెలివితక్కువతనంగా రాశారు. 2017లో అలెక్సా బ్లిస్‌తో నడిపిన ఆమె జీవితకథ ఘట్టాన్ని జనం ఎంత అసహ్యించుకున్నారో ఇప్పటికీ చెప్పుకుంటారు. మూడేళ్ళపాటు ఆ పాత్ర అలా అరిగిపోయింది. 2019 అక్టోబరులో జుట్టు కత్తిరించుకుని, తన ప్రవేశంలో ఊగే గాలి బొమ్మలను తానే చీల్చేసి దుష్టపాత్ర అయింది. స్మాక్‌డౌన్ మహిళల టైటిల్‌ని 380 రోజులు ఉంచుకుంది. ఆ పదును ఎన్‌ఎక్స్‌టీలో ఆమెకు లేదు. పెద్ద వేదిక మీద నలిగిన తర్వాతే వచ్చింది.

పైగా ఇప్పటి ఎన్‌ఎక్స్‌టీ ఆనాటిది కాదు. 2021 సెప్టెంబరు 14న రంగులు మార్చుకుని ఎన్‌ఎక్స్‌టీ 2.0 అయినప్పుడు మళ్ళీ నిజంగా శిక్షణ షో అయింది. మాజీ రెజ్లర్ షాన్ మైకేల్స్ చేతికి వచ్చింది. కాలేజీ క్రీడల నుంచి రెజ్లింగ్ ఓనమాలు తెలియనివాళ్ళను తెచ్చారు. మొదటి ఏడాది చాలా మ్యాచ్‌లు పొట్టిగా, తడబాటుగా ఉంటాయి. అందులోంచే బ్రాన్ బ్రేకర్, టిఫనీ స్ట్రాటన్, షాట్‌పుట్ వదిలి వచ్చిన ఓబా ఫెమీ తేలారు. అటు 2022 జూలై తర్వాత మెయిన్ రోస్టర్ (రా, స్మాక్‌డౌన్) కథలు ట్రిపుల్ హెచ్ చేతికి వెళ్ళాయి. అంటే 2018లో నిజమైన మాటను మావాడు ఇవాళ అప్పుతెచ్చుకుని వాడుతున్నాడు.

కొన్ని మ్యాచ్‌లు ఒక వరసలో చూపిస్తే ఇది పిల్లలకే అర్థమవుతుంది. మొదట 2015 ఆగస్టు 22న బ్రూక్లిన్‌లో ఎన్‌ఎక్స్‌టీ షోలో బేలీ, సాషా బ్యాంక్స్ ఆడిన మ్యాచ్. వెంటనే అదే జంట 2015 అక్టోబరు 7న ఆడిన ముప్పై నిమిషాల ఐరన్‌మ్యాన్ మ్యాచ్, అంటే ఆ సమయంలో ఎక్కువసార్లు ఓడించినవాళ్ళదే గెలుపు. ఇందులో ముందు వరసలో కూర్చున్న ఒక చిన్న పిల్ల తల పట్టీని సాషా లాక్కుని వెక్కిరిస్తుంది, ఆ పిల్ల ఏడుస్తుంది. చిన్నపిల్లలు అక్కడ బెంబేలెత్తుతారు కాబట్టి ముందే చెప్పి చూపించాలి. తర్వాత 2018 జనవరి 27న ఫిలడెల్ఫియాలో గార్గానో, అల్మాస్ ఆడిన ఎన్‌ఎక్స్‌టీ మ్యాచ్. ఆ వెంటనే క్రాస్, జెఫ్ హార్డీ, రెండు నిమిషాల పని. చివరగా 2022 సెప్టెంబరు 3న కార్డిఫ్‌లో గుంథర్, షేమస్ ఆడిన మ్యాచ్. మెయిన్ రోస్టర్‌కి సమయమిచ్చి అడ్డు తొలగితే ఏం చేయగలదో అందులో ఉంది. మొత్తం ఒక్క రోజులో పెట్టొద్దు, శుక్ర, శనివారాలకు పంచుకోండి. రా రాత్రి ఎనిమిదికి మొదలవుతుంది, తెల్లారితే బడి. దాన్ని మర్నాడు ముక్కలుగా చూస్తే పోయేదేమీ లేదు.

ఇక్కడిదాకా ధైర్యంగా చెప్పగలను. మన రంగు మనుషుల దగ్గరికొచ్చేసరికి నా మాట నిలకడగా ఉండదు. రింకూ సింగ్, సౌరవ్ గుర్జర్ 2020లో ఎన్‌ఎక్స్‌టీలో ఇండస్ షేర్ జంటగా వచ్చారు. రింకూ అంతకుముందు పిట్స్‌బర్గ్ పైరేట్స్ సంస్థలో బేస్‌బాల్ పిచర్. అలాంటివాణ్ణి వీర్ మహాన్‌గా మార్చి, 2021 అక్టోబరు నుంచి వారం వారం "వస్తున్నాడు" అని ఊరించి, 2022 ఏప్రిల్ 4న రాలో దింపితే తెర మీద కనిపించింది గడ్డం పెంచుకుని గర్జించే ఒక మృగం. అంతకుముందు 2017లో జిందర్ మహల్, కాల్గరీలో పుట్టినవాడు, రాండీ ఓర్టన్‌ని ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఆ పాత్రకు ఆయుధం పంజాబీ. అతను పంజాబీలో మాట్లాడటం మొదలుపెట్టగానే అరీనా అంతా బూ కొట్టాలి, అలా రాశారు. ఇదే వేదిక మీద జపాన్ రెజ్లర్ అసుకా జపనీస్‌లో విరుచుకుపడితే జనం కేరింతలు కొడతారు, అనువాదం అడగరు. రెండూ మెయిన్ రోస్టర్‌లోనే జరిగాయి.

జిందర్ గెలుపు చూసి గర్వపడమనాలా, ఆ బూలు ఎవరి మీదో అడిగితే కథలో దుష్టుడి మీదే అనాలా? ఒకరోజు మొదటిది చెబుతాను, మరోరోజు రెండోది. పిల్లాడు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి నిలదీసే వయసుకు వస్తున్నాడు. అప్పటిదాకా 2017 నాటి ఆ స్మాక్‌డౌన్ భాగాలను నేను పక్కన కూర్చోకుండా వాణ్ణి చూడనివ్వను.