కూలింగ్ కాయిల్ కోసం డ్యాష్‌బోర్డు దించిన మూడు ఆదివారాలు

మా కారు ఏసీ రెండు వేసవులుగా ఒకే తీరున ఇబ్బంది పెడుతోంది. ఉగాది వెళ్లగానే గ్యాస్ పట్టిస్తే రోహిణీ కార్తె నాటికి మళ్లీ వేడిగాలే వస్తుంది. నాన్నగారు కొన్న పాత చిన్న కారు ఇది. అమ్మను నెలకోసారి విజయవాడ నుంచి గుంటూరులో డాక్టరుగారి దగ్గరకు తీసుకువెళ్లడానికి మాకు ఇదే ఆధారం. మే నెల మధ్యాహ్నం అద్దాలు దించుకుని ఆ దారిన వెళ్లడం ఆమె వయసుకు తట్టుకోగలిగినది కాదు. అందుకే ఈసారి గ్యాస్ ఎటు పోతున్నదో తేలిన తరువాతే మళ్లీ పట్టించాలని నిశ్చయించుకున్నాను.

బానెట్ కింద కనిపించే పైపుల అతుకులన్నింటికీ సబ్బునురగ రాసి చూస్తే ఎక్కడా బుడగ రాలేదు. ఇక మిగిలింది డ్యాష్‌బోర్డు వెనుక ప్లాస్టిక్ పెట్టెలో కూర్చుని ఉండే కూలింగ్ కాయిల్ ఒక్కటే. గ్యాస్‌తో పాటు తిరిగే నూనెలో యూవీ కాంతికి మెరిసే రంగు వేయించి, పది రోజులు బండి నడిపి, ఒక రాత్రి కారు కిందికి దూరి ఏసీ నీళ్లు కారే గొట్టం కొసకు యూవీ టార్చి పట్టాను. కొస చుట్టూ పసుపుపచ్చని మెరుపు కనిపించింది. ఆ గొట్టం కాయిల్ పెట్టె అడుగు నుంచే వస్తుంది కనుక లీకు ఎక్కడో ఇక సందేహం లేదు. ఇంతకుముందు ఒక చోట గేజి పెట్టి, ప్రెషర్ బాగానే ఉంది కనుక గ్యాస్ తగ్గలేదని చెప్పారు. ఆపి ఉన్న బండిలో ఆ లెక్క పనికిరాదు. లోపల కొంచెం ద్రవం మిగిలి ఉన్నంతవరకు గేజి మీది అంకె వాతావరణం వేడిని బట్టి ఉంటుంది గాని మిగిలిన గ్యాస్ బరువును బట్టి ఉండదు. 35 డిగ్రీల దగ్గర ఈ ఏసీలో ఉండే ఆర్134ఏ గ్యాస్ 110 పీఎస్‌ఐకి పైగా ప్రెషర్ చూపిస్తుంది, సగం పోయినా అంతే చూపిస్తుంది.

మొదటి ఆదివారానికి ముందు రోజు ఆటోనగర్‌లో ఏసీ పని చేసే పెద్దాయన దగ్గర మిగిలిన గ్యాస్‌ను మెషీన్‌తో తీయించాను. దీన్ని గాలిలోకి వదిలేయకూడదు, ఎందుకంటే భూమిని వేడెక్కించడంలో ఇది కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైగా బలమైనది. "సొంతంగా దించుతావా బాబూ? వైర్లను కలిపే కప్లర్లకు గుర్తులు పెట్టుకో, తొందరపడకు" అన్నారాయన. ఆ మాట నా పని మొత్తాన్ని కాపాడింది.

ముందుగా చక్రాలు తిన్నగా ఉంచి, బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, ఎయిర్‌బ్యాగ్ ఉన్నట్టుండి పేలే భయం ఉంది కనుక అరగంట ఆగాను. తీసిన ఎయిర్‌బ్యాగ్‌ను కవరు వైపు పైకి ఉండేలా వేరే గదిలో పెట్టాను. స్టీరింగ్ వెనుక ఉండి ఎయిర్‌బ్యాగ్‌కు కరెంటు అందించే రిబ్బను చుట్ట, క్లాక్ స్ప్రింగ్, తిరగకుండా టేపు వేశాను, అది అటూ ఇటూ తిరిగితే లోపలి రిబ్బను తెగిపోతుంది. స్టీరింగ్ నట్టును పూర్తిగా తీయకుండా నాలుగు చుట్లు మిగిల్చి చక్రాన్ని గుంజాలి, లేకపోతే అది ఒక్కసారిగా ఊడి మొహానికి తగులుతుంది. మరలను థర్మాకోల్ షీటు మీద డ్యాష్‌బోర్డు బొమ్మ గీసి ఎక్కడివి అక్కడే గుచ్చాను. కప్లర్లు ఇరవై మూడు తేలాయి. ప్రతిదానికీ రెండు వైపులా ఒకే అంకె రాసిన టేపు చుట్టి ఫోటో తీశాను.

రెండో ఆదివారం దాదాపు సగం రోజు ఒక్క నట్టు దగ్గరే గడిచింది. డ్యాష్‌బోర్డు పై ప్లాస్టిక్ వచ్చింది, దాని వెనుక అడ్డంగా ఉన్న ఇనుప కమ్మీ బోల్టులన్నీ వదిలాయి, కూలెంట్ దించి హీటర్ గొట్టాలూ విడదీశాను. అయినా ఏసీ పెట్టె ఎడమ పక్క మాత్రం ఇంజన్ వైపు రేకు గోడకు కరుచుకుని కదలలేదు. బలం పెడితే ప్లాస్టిక్ చెవి విరుగుతుందని భయపడి ఆగాను. చివరకు ఇంజన్ వైపు నుంచి, వైపర్ కింది ప్లాస్టిక్ జాలీ ఎత్తి చూస్తే, వేపాకు పొర కింద పదో నంబరు స్పానరు పట్టే నట్టు ఒకటి కనిపించింది. ఈ పని తలపెట్టేవారు లోపల చేయి పెట్టకముందే ఆ జాలీ ఎత్తి చూసుకోవడం మేలు.

పెట్టె విప్పగానే కారణం కళ్లకు కట్టింది. మా ఇంటి ముందు వేపచెట్టు నీడలోనే బండి పెడతాం. ఈ మోడల్‌కు లోపలికి వచ్చే గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టర్ లేదు. ఏటా రాలే ఆకూ పూతా జాలీలోంచి లోపలికి జారి కాయిల్ అడుగున తడిసి, నల్లని జిగురు చాపలా అంటుకుపోయాయి. ఏసీ వేసిన ప్రతిసారీ కాయిల్ మీద చెమ్మ పడుతుంది, ఆ చెత్త దానిని ఆరనివ్వదు, తడి మట్టిలా అల్యూమినియాన్ని పట్టుకుని తినేస్తుంది. వేలితో రాస్తే రేకులు పొడిపొడిగా రాలాయి. ఒక మూతి బిగించి, రెండో మూతికి నైట్రోజన్ పట్టి బకెట్ నీళ్లలో ముంచితే, కుడివైపు కింది మూల నుంచి ఆవగింజలంత బుడగలు వరుసగా దారం కట్టినట్టు పైకి వచ్చాయి. రెండేళ్లుగా వెతికిన లీకును అలా చూస్తూ చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను.

మూడో ఆదివారం కొత్త కాయిల్, కాయిల్‌లోకి గ్యాస్‌ను కొలిచి వదిలే కొత్త ఎక్స్‌పాన్షన్ వాల్వ్, అతుకుల్లో వేసే రబ్బరు ఓ-రింగులు అన్నీ, డ్రయ్యర్ వేశాను. వ్యవస్థ ఇన్ని రోజులు తెరిచి ఉంటే డ్రయ్యర్ గాలిలోని చెమ్మ పీల్చుకుంటుంది కనుక పాతది మళ్లీ వాడలేదు. ఓ-రింగులకు ఏసీ నూనె రాసి కూర్చోబెట్టాను, కొత్త కాయిల్‌లో మాన్యువల్ చెప్పినంత పాగ్ అనే ఏసీ నూనె పోశాను. పెట్టె కడిగి, నీళ్ల గొట్టంలో తీగ తోసి చెత్త తీసి, జాలీ కింద సన్నని స్టీలు వల బిగించాను.

బిగించడం దించినంత కష్టం కాలేదు, అంకెల టేపులు దారి చూపాయి. ఆటోనగర్‌లో ముప్పావు గంట వాక్యూమ్ లాగి, పంపు ఆపి మరో అరగంట గేజి చూశాం, 29 అంగుళాల (పాదరస కొలతలో) వాక్యూమ్ దగ్గర ముల్లు కదలలేదు. వాక్యూమ్‌లో నీరు తక్కువ వేడికే మరిగి ఆవిరై బయటపడుతుంది కనుక, లోపల చిక్కిన చెమ్మ పోవడానికి మన వేసవి సాయపడింది. తరువాత బానెట్ కింది స్టిక్కరు మీద రాసిన బరువు మేరకు తూకం వేసి గ్యాస్ పట్టారు.

బయట 41 డిగ్రీలు ఉండగా, బండి నడుస్తున్నప్పుడు మధ్య గ్రిల్లులో పెట్టిన థర్మామీటరు 9 డిగ్రీలు చూపింది. నీళ్ల గొట్టం కింద నేల తడిసింది. గ్లవ్‌బాక్స్ పక్కన గతుకుల్లో చిన్న టకటక శబ్దం మిగిలింది, అక్కడ ఒక క్లిప్పు సరిగా కూర్చోలేదని అనుకుంటున్నాను. వచ్చే ఆదివారం దాన్ని చూసి, రాత్రికి గొట్టం కొసను కడిగి మళ్లీ యూవీ టార్చి పెడతాను.