టేపులో ఎక్స్‌రే

ఆత్రేయపురంలో పూతరేకుల పెట్టెలకి టేపు వేస్తుంటే వచ్చే ఆ చర్రుమనే చప్పుడు ఇప్పుడు ఆగి మరీ వింటున్నా.

2008లో కాలిఫోర్నియా యూనివర్సిటీ లాస్ ఏంజెలెస్ వాళ్లు మామూలు స్కాచ్ టేపు చుట్టని గాలి తీసేసిన పెట్టెలో మోటారుతో ఊడదీస్తే ఎక్స్‌రేలు వచ్చాయి. వాటితో ఒక వేలికి ఎక్స్‌రే కూడా తీశారు! సోవియట్ శాస్త్రవేత్తలైతే 1953లోనే ఈ సంగతి చెప్పారు.

జిగురు ఊడేటప్పుడు ఒకవైపు ప్లస్, ఇంకోవైపు మైనస్ చార్జి చేరుతుంది. ఆ సందులో ఎలక్ట్రాన్లు దూకుతాయి. మన గదిలో అయితే గాలి అణువులు అడ్డం తగిలి వాటి వేగం చచ్చిపోతుంది. శూన్యంలో అడ్డేముంది? దూసుకెళ్లి అవతలి వైపు గుద్దుకుని ఠక్కున ఆగుతాయి. ఆ ఆగడంలోంచే ఎక్స్‌రే పుడుతుంది.

మొన్న రాత్రి కరెంటు పోయినప్పుడు మా మేనకోడలితో "కళ్లు చీకటికి అలవాటు పడనీ అమ్మా" అని చెప్పి, కాసేపాగి టేపు లాగాను. ఊడుతున్న గీత వెంట సన్నటి నీలి వెలుగు. "మావయ్యా, మళ్లీ లాగవా!" అంటూ చుట్టంతా అయిపోయేదాకా లాగించింది. గాలిలో వచ్చేది ఈ వెలుగే, ఎక్స్‌రే కాదు, భయం లేదు. మా కోనసీమ బడుల్లో పిల్లలందరికీ ఇది చూపించాలని ఉంది. టీచర్లెవరైనా పిలిస్తే టేపు నేనే తెస్తా.