సీలింగ్ ఫ్యాన్ నేర్పిన ఫొటో

పెళ్లి ఫొటోలు నా బతుకుతెరువు. పిచ్చి మాత్రం నేవీ ఫొటోల మీద. 1971లో మన మిసైల్ బోట్లు కరాచీ రేవు మీద దాడి చేసిన రోజు డిసెంబర్ 4. దాని గుర్తుగా జరిగే నేవీ డే విన్యాసాలంటే విశాఖలో సగం ఊరు ఆర్‌కే బీచ్‌లోనే ఉండేది.

2019లో దూరాన్ని దగ్గరగా చూపే 200-500 లెన్స్ అద్దెకు తీసుకుని వెళ్లాను. రెండు కిలోల పైనే బరువు. ఏసీ కారు దిగి మూత తీయగానే అద్దం నిండా చెమ్మ. అది ఆరేలోపు మెరైన్ కమాండోల జెమిని రబ్బరు బోట్లు ఒడ్డుకొచ్చేశాయి. ఆ తర్వాత నాకు దొరికినవి జనం తలకాయలు, పైకెత్తిన సెల్‌ఫోన్లు. హాక్ జెట్ విమానాల కోసం షట్టర్ 1/2000లో, అంటే సెకనులో రెండువేలో వంతు మాత్రమే తెరుచుకునేలా పెట్టుకుని, అదే స్పీడులో చేతక్ హెలికాప్టర్‌నీ కొట్టేశాను. ఇంటికొచ్చి చూస్తే రెక్కలు కదలకుండా నిలబడిపోయి, దారం కట్టి వేలాడదీసిన బొమ్మలా ఉంది. "ఇంజిన్ ఆగిపోయిందా ఏంటండీ?" అంది మా ఆవిడ.

తర్వాత కరోనా. పెళ్లిళ్లు లేవు, పని లేదు. ఒక మధ్యాహ్నం పడుకుని పైకి చూస్తుంటే తట్టింది: చేతక్‌కీ మూడు రెక్కలే, మా హాల్లో ఫ్యాన్‌కీ మూడే. లేచి కెమెరా తెచ్చాను. 1/2000లో ఫ్యాన్ ఆగిపోయింది. 1/500లో కాస్త కదిలినట్టుంది. 1/125కి వచ్చేసరికి తిరుగుతున్నట్టు కనిపించింది. కానీ ఆ స్పీడులో అంత పెద్ద లెన్స్ చేతిలో వణక్కుండా ఉండాలి కదా! బీచ్ రోడ్డులో నిలబడి వచ్చేపోయే స్కూటర్ల వెంట కెమెరా తిప్పుతూ నెలల తరబడి సాధన చేశాను. చూసినవాళ్లు ఏమనుకున్నారో మరి.

మధ్యలో ఒకసారి ఉత్సాహం ఆపుకోలేక నిషేధిత ప్రాంతం గోడ వైపు కెమెరా తిప్పాను. కాపలా జవాను పిలిచి అక్కడికక్కడే ఫొటోలన్నీ డిలీట్ చేయించాడు. తప్పు నాదే, బోర్డు ఎంతెంత అక్షరాలతో ఉందో.

2022 నేవీ డేకి రాష్ట్రపతి ద్రౌపది ముర్ము వస్తున్నారంటే అసలు రోజు కాలు పెట్టే చోటుండదని తెలిసిపోయింది. అందుకే రిహార్సల్‌కి వెళ్లాను. విన్యాసాలు దాదాపు అవే, జనం మాత్రం పల్చన. ఈసారి లెన్స్‌ని అరగంట ముందే బ్యాగులోంచి తీసి గాలికి ఉంచాను. మన తీరంలో సాయంత్రం ఎండ వీపు వెనక నుంచి పడుతుంది, సముద్రం మీది వస్తువు మెరిసిపోతుంది. కాకపోతే డిసెంబర్‌లో అయిదున్నరకల్లా పొద్దు గూట్లో పడుతుంది కాబట్టి ఉన్నది కాస్త సమయమే.

నీళ్లలోని మనిషిని చేతక్ తాడుతో పైకి లాగుతోంది. 1/125, ఊపిరి బిగబట్టి నలభై కొట్టాను. ముప్పై ఏడు అలుక్కుపోయాయి. మిగిలిన మూడింట్లో ఒకటి కుదిరింది: పైన రెక్కలు పొగ చక్రంలా, కింద తాడుకి వేలాడే మనిషి, అతని బూట్ల నుంచి కారే నీటి ధార.

దాన్ని ఫ్రేము కట్టించి స్టూడియోలో పెట్టాను. పెళ్లి ఆల్బమ్ కోసం వచ్చినవాళ్లు చూసి, "ఏ సినిమా షూటింగండీ ఇది?" అని అడుగుతుంటారు.