వారానికి ఒక్కసారే, పిన్నిగారూ!

నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లజబ్బు వచ్చి చాలా ఏళ్లయింది. చెకప్‌కి వెళ్తే డాక్టరుగారి గది బయట బెంచీ మీద పక్కవాళ్లతో కబుర్లే కబుర్లు. మొన్న తెనాలి నుంచి వచ్చిన ఒక పిన్నిగారు, "వంకాయ, చింతపండు మానేశానమ్మా, అయినా తగ్గట్లేదు" అన్నారు. మరి మాత్రలో? "నొప్పిగా ఉన్న రోజు వేసుకుంటా."

చిక్కంతా ఇక్కడే. ఈ జబ్బు వయసుతో వచ్చే అరుగుదల కాదు. మన రోగనిరోధక వ్యవస్థే కీళ్ల లోపలి పొర మీద పడుతుంది. అందుకే పొద్దున లేచి గంట దాటినా వేళ్లు బిగుసుకునే ఉంటాయి, జాకెట్టు హుక్కు పెట్టుకోవడానికీ ఇంకొకరు కావాలి. ఆవిడకి రాసిచ్చిన మెథోట్రెక్సేట్ నొప్పి మాత్ర కాదు. ఆ దాడిని అదుపు చేసే మందు, గుణం కనబడడానికే వారాలు పడుతుంది. పైగా వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ మింగితే నోరంతా పుళ్లు, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికొస్తుంది.

ఆవిడ కవర్లో అదీ, దాంతోపాటు ఇచ్చే ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ మాత్రా కలిసే ఉన్నాయి. రెండూ పసుపు రంగు చిన్న మాత్రలే! చీటీ మీదేమో అన్నీ ఇంగ్లీషు పొడి అక్షరాలు. ఎవరికి అర్థమవుతుంది? నా పెన్ను తీసి మెథోట్రెక్సేట్ షీటు మీద "ఆదివారం మాత్రమే" అని పెద్దక్షరాలతో రాసిచ్చాను, డాక్టరుగారు చెప్పిన రోజు అదేనని చీటీలో చూసుకునే.

"ఆర్‌ఎఫ్ నెగెటివ్ వచ్చిందిగా, ఇంకా ఎందుకివి?" అన్నారు లేస్తూ. ఆ రక్తపరీక్ష నెగెటివ్ వచ్చినా ఈ జబ్బు ఉండొచ్చని చెప్పేలోపే నర్సు పేరు పిలిచింది.