కోత చిన్నదా, పెద్దదా?

మామయ్యకు అన్నవాహికలో క్యాన్సర్ అని తేలాక మా ఇంట్లో అందరూ సగం డాక్టర్లయిపోయారు. అత్తయ్యది ఒకటే అనుమానం: "చిన్న రంధ్రాల్లోంచి చేస్తే గడ్డ మొత్తం వస్తుందా బాబూ?"

గుంటూరు కొత్తపేటలో సర్జన్ గారు స్కాన్ కవరు వెనక బొమ్మ గీసి చూపించారు. గడ్డ ఉన్న అన్నవాహికను తీసేయడం, జీర్ణాశయాన్ని సన్నని గొట్టంలా కుట్టి పైకి లాగి కలపడం పెద్ద కోతతో చేసే ఓపెన్ పద్ధతిలోనూ, చిన్న రంధ్రాల్లోంచి చేసే కెమెరా పద్ధతిలోనూ ఒకటే. తేడా లోపలికి వెళ్లే దారిలోనే. ఓపెన్‌లో పక్కటెముకల మధ్య ఛాతీని తెరుస్తారు. ఆ నొప్పికి రోగి గట్టిగా దగ్గలేడు, కఫం పేరుకుంటుంది, న్యుమోనియా పట్టుకుంటుంది. 2012లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన యూరప్ ట్రయల్‌లో 115 మందిని పరిశీలించారు. మొదటి 2 వారాల్లో ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ ఓపెన్ వారిలో 29 శాతం, కెమెరా పద్ధతి వారిలో 9 శాతం. మూడేళ్ల తర్వాత బతికి ఉన్నవారి లెక్కలో మాత్రం పెద్ద తేడా కనిపించలేదు.

మిర్చి యార్డు ఘాటును ఏళ్ల తరబడి పీల్చిన మనిషికి ఊపిరితిత్తుల మాటే నాకు ముఖ్యమనిపించింది. అయితే కోత సైజు కన్నా, ఇలాంటి ఆపరేషన్లు తరచుగా చేసే చేయి దొరకడం ఇంకా ముఖ్యం. ఆ సంగతి అడగడానికి మొహమాటపడకండి. మేం అడిగాం, ఆయన ఏమీ నొచ్చుకోలేదు.

కెమెరా పద్ధతిలోనే చేశారు. ఇప్పుడు మామయ్య ఊపిరితిత్తుల వ్యాయామానికి ఇచ్చే మూడు బంతుల స్పైరోమీటర్ పీలుస్తూ, మూడో బంతి లేవలేదని నర్సమ్మతో తగాదా పడుతున్నారు.