బాణం వదిలాక మూడు సెకన్లు: క్యూదో లాగ్, పద్నాలుగో నెల

ఈ నెల లెక్క: ఎనిమిది రోజులు, రోజుకి 20 బాణాలు, మొత్తం 160. తగిలినవి 41. పోయిన నెల కూడా 160 వేశాను, తగిలినవి 38. చెప్పుకోదగ్గ తేడా కాదు. కానీ నోట్‌బుక్‌లో ఈసారి కొత్తగా ఒక గడి గీశాను, రాయాల్సింది దాని గురించే ఉంది.

ముందుగా, క్యూదో అంటే తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఇది జపాన్ విలువిద్య. నేను టోక్యోలో నిషికసాయ్ దగ్గర ఉంటాను, ల్యాప్‌టాప్ ముందు కూర్చుని కూర్చుని మెడ పట్టేస్తోందని నగరపాలక సంస్థ వాళ్ళ దోజోలో, అంటే సాధన చేసే హాల్లో, బిగినర్స్ క్లాసుకి చేరాను. విల్లు పొడవు 221 సెంటీమీటర్లు. నా ఎత్తు 172. పట్టుకునే చోటు నడిమధ్యన ఉండదు, కింది నుంచి మూడో వంతు దగ్గర ఉంటుంది. లక్ష్యం 28 మీటర్ల దూరంలో, ఇసుక దిబ్బకి ఆనించి ఉంటుంది. దాని వ్యాసం 36 సెంటీమీటర్లు, అంటే మనింట్లో దోసెల పెనం కంటే కాస్త పెద్దది. దాని నడిబొడ్డు నేలకి 27 సెంటీమీటర్ల ఎత్తులోనే ఉంటుంది కాబట్టి నిలబడి చూస్తే ఎవరో పెనాన్ని గోడవారగా పెట్టి మర్చిపోయినట్టు కనిపిస్తుంది.

మొదటి నెల విల్లు ముట్టుకోనివ్వలేదు. రెండో నెల రబ్బరు ట్యూబ్ కట్టిన కర్ర. మూడో నెల మకివార, అంటే ఒక విల్లు పొడవంత దూరంలో పెట్టిన గడ్డి మోపు. నాలుగో నెలలో 28 మీటర్ల దగ్గర నిలబడ్డాను. ఆ రోజు 12 వేస్తే రెండు బాణాలు ఇసుక దాకా కూడా పోలేదు, గడ్డిలో పడుకున్నాయి.

ఒక్క బాణం వెయ్యడానికి ఎనిమిది మెట్లు. కాళ్ళు వెడల్పు చేసి నిలబడటం, నడుము నిలపడం, చేతులు సర్ది లక్ష్యం వైపు ముఖం తిప్పడం, విల్లు పైకెత్తడం, రెండు వైపులా విడదీస్తూ కిందికి లాగడం, పూర్తిగా లాగి అలాగే ఉండటం, వదలడం. ఇవి ఏడు. పూర్తిగా లాగి ఉండటాన్ని 'కాయ్' అంటారు, వదలడాన్ని 'హనారె' అంటారు. ఎనిమిదోది 'జన్‌షిన్'. అంటే బాణం వెళ్ళిపోయాక చేసే పని.

మొదట్లో ఇది నాకు వింతగా ఉండేది. బాణం చేతిలోంచి పోయాక ఇంకా చేసేదేముంది? మన అర్జునుడి కథలో పిట్ట కన్ను కనిపించడం దాకానే చెబుతారు, కొట్టాక ఆయన ఎలా నిలబడ్డాడో ఎవరూ చెప్పరు. ఇక్కడేమో అసలు మార్కులన్నీ అక్కడే ఉన్నట్టున్నాయి. జన్‌షిన్ అంటే 'మిగిలిన మనసు'. క్యూదోలో దీన్నే రెండో అక్షరం మార్చి 'మిగిలిన ఒళ్ళు' అని కూడా రాస్తారు, పలకడం మాత్రం ఒకటే. చేతులు రెండూ బార్లా చాపినట్టు విచ్చుకుని, చూపు లక్ష్యం మీదే ఉంచి, ఒక ఊపిరి సేపు అలాగే ఉండి, అప్పుడు విల్లు దించాలి. చదవడానికి సులువే.

ఆఫీసులో పక్క టీమ్ అతను కెందో, అంటే జపాన్ కత్తిసాము చేస్తాడు. వాళ్ళకి ఇది ఇంకా కఠినం. దెబ్బ శుభ్రంగా తగిలినా, ఆ వెంటనే మళ్ళీ ఎదుటివాడి మీద ధ్యాస నిలిపి సిద్ధంగా లేకపోతే పాయింట్ రాదు. పాయింట్ వచ్చిన ఆనందంలో పిడికిలి బిగించి ఎగిరితే ఇచ్చింది కూడా వెనక్కి తీసుకోవచ్చు. క్రికెట్ చూస్తూ పెరిగిన నాకు ఇది జీర్ణం కావడానికి టైమ్ పట్టింది.

ఇక 'కి' సంగతి. నిజం చెప్పాలంటే నేను చేరింది సగం దీని కోసమే. కి అంటే ప్రాణశక్తి, ఒంట్లో కరెంటులా పారుతుంది, అరచేతుల్లోకి వేడి వస్తుంది అని ఎక్కడెక్కడో విని వచ్చాను. పద్నాలుగు నెలల్లో మా సెన్సెయ్, అంటే గురువుగారు, ఆ అర్థంలో ఒక్కసారి కూడా మాట్లాడలేదు. కాళ్ళ కోణం గురించి మాట్లాడతారు, ఎడమ మణికట్టు గురించి మాట్లాడతారు. కి అన్న మాట ఆయన నోటి వెంట ఎక్కువగా వచ్చేది ఒకే వాక్యంలో: "కి గ నుకెత." కి జారిపోయింది. నేను కాయ్‌లో ఉండగా వెనక నుంచి, లక్ష్యం వైపు చూడకుండానే అనేస్తారు. ఆ బాణం తప్పుతుంది.

తర్వాత గమనిస్తే ఈ మాట ఊరంతా ఉంది. జాగ్రత్త అని చెప్పడానికి 'కి ఓ త్సుకెతె', అంటే కి తగిలించు. హుషారు అనడానికి వాడే 'గెంకి'లో ఉన్నది అదే కి. వాతావరణం 'తెంకి', కరెంటు 'దెంకి'. ఆ అక్షరాన్ని పాత పద్ధతిలో రాస్తే లోపల బియ్యం అన్న అక్షరం కనిపిస్తుంది. రోజుకి వందసార్లు వాడే మాటని నేనేదో రహస్యం అనుకుని వచ్చాను. ఆలోచిస్తే మనం 'ప్రాణం' వాడేదీ ఇలాగే కదా. ప్రాణం పెట్టి చేశాడు అంటాం, ప్రాణం ఉసూరుమంది అంటాం, ప్రాణం లేచొచ్చింది అంటాం. ఎవరూ నాడుల్లో కరెంటు గురించి అనుకోరు. "కి గ నుకెత" అన్నప్పుడల్లా ఇప్పుడు నా చెవికి 'ఉసూరుమంది' అనే వినిపిస్తుంది, అప్పుడు భుజాలు ఏమైపోయాయో వెంటనే తెలుస్తుంది.

నా జబ్బు పేరు హయకె. పూర్తిగా లాగాక ఆగలేకపోవడం. కాయ్‌లో అయిదారు సెకన్లు ఉండాలి, నేను ఒకటిన్నర సెకన్లో వదిలేస్తాను. వదలాలని వదలను, అదే వెళ్ళిపోతుంది. లక్ష్యం కనబడగానే కుడి బొటనవేలు నాతో చెప్పకుండా తన నిర్ణయం తను తీసేసుకుంటుంది. ఇక్కడ చాలామందికి వస్తుందట, కొందరిని ఏళ్ళ తరబడి వదలదట. తొమ్మిదో నెలలో నాకు పట్టుకుంది. కారణం కూడా తెలుసు: 10 కిలోల విల్లు నుంచి (విల్లు బరువు కాదు, లాగడానికి పట్టే బలం) తొందరపడి 13కి మారాను.

పదకొండో నెలలో గ్రేడింగ్ పరీక్షకి వెళ్ళాను. రెండే బాణాలు. ఐదుగురం వరసలో, మోకాళ్ళ మీద మడమలెత్తి కూర్చునే 'కిజా'లో మన వంతు కోసం ఆగాలి. బొటనవేళ్ళు చచ్చుబడతాయి. మొదటి బాణం తగిలింది. 'టప్' మని ఆ కాగితం చిరిగిన చప్పుడు వినగానే నా మొహం వికసించింది, విల్లు కిందికి వచ్చేసింది. రెండోది పైనుంచి దాటి ఇసుకలోకి పోయింది. షోదాన్, అంటే మొదటి దాన్ గ్రేడ్ రాలేదు, దానికి ఒక మెట్టు కింద ఉండే ఒకటో క్యూ ఇచ్చారు. ఆశించినదానికి తక్కువేమీ కాదు కానీ, ఇంటికొచ్చాక వీడియో చూసి సిగ్గేసింది.

ఆ వీడియోని నెమ్మదిగా, ఫ్రేమ్ ఫ్రేమ్‌గా చూశాను. బాణం 28 మీటర్లు పోవడానికి అర సెకను పైచిలుకు పడుతుంది. అది లక్ష్యం చేరేలోపే నా ఎడమ పిడికిలి జానెడు కిందికి దిగిపోయింది, తల ముందుకొచ్చింది. తగిలిందా లేదా తొంగి చూడటం! ఇంకా వెనక్కి వెళ్ళి చూస్తే అసలు విషయం దొరికింది. నారి వదలకముందే ఎడమ మోచెయ్యి కొద్దిగా సడలుతోంది. అంటే విల్లు దించాలన్న నిర్ణయం బాణం ఇంకా చేతిలో ఉండగానే జరిగిపోతోంది. ఆఖరి మెట్టులో తప్పు అనుకున్నది ఆరో మెట్టులో మొదలవుతోంది. అందుకే "జన్‌షిన్ బాగా చెయ్యి" అని సెన్సెయ్ ఎప్పుడూ అనరు. వదిలాక బిగదీసుకుని నిలబడితే అది ఫోటోకి పోజు. ముందు ఉన్నదే మిగులుతుంది, లేనిది మిగలదు.

అక్కడి నుంచి చేసినవి రాస్తున్నాను, హయకె ఉన్నవాళ్ళకి పనికిరావచ్చు. మొదట, పరువు పక్కన పెట్టి మళ్ళీ 10 కిలోల విల్లుకి వచ్చాను. ప్రతి రోజూ మొదటి పది బాణాలు మకివారకే. అంత దగ్గర నుంచి గడ్డి మోపుకి తగలకపోవడం అనేది ఉండదు, కాబట్టి తొంగి చూడటానికి ఏమీ లేదు. విల్లు ఎత్తేటప్పుడు ఊపిరి లోపలికి, లాగేటప్పుడు మెల్లగా బయటికి, కాయ్‌లో మిగిలిన కాస్త గాలిని గొంతులో బిగబట్టకుండా బొడ్డుకి మూడు వేళ్ళ కిందికి దింపినట్టు ఉంచడం. ఆ చోటునే 'తందెన్' అంటారు. నేనక్కడ ఏ శక్తినీ అనుభవించలేదు. బరువు అక్కడ ఉందనుకుంటే భుజాలు పైకి లేవడం మానేస్తాయి, అంతవరకు ఖాయం. కాయ్‌లో తెలుగులో లెక్కపెడతాను, ఒకటి నుంచి అయిదు. జపనీస్‌లో పెడితే తొందరగా అయిపోతోంది.

రెండోది, హిట్టో మిస్సో నేను చూడటం మానేశాను. దోజోలో డెబ్బై దాటిన పెద్దావిడ ఒకరున్నారు, ఐదో దాన్. ఆవిడ నా నోట్‌బుక్‌లో గుర్తు పెడతానన్నారు. హిట్‌కి సున్నా, మిస్‌కి ఇంటూ. ఇక్కడ సున్నా అంటే కరెక్ట్. చిన్నప్పుడు లెక్కల పేపర్ మీద సున్నాలు చూసినవాడికి ఇది ఎప్పటికీ తిరకాసే. ఆ పక్కన నేను గీసిన కొత్త గడి పేరు 'మిగిలిందా?' వదిలాక మూడు లెక్కపెట్టేంత సేపు, ఏమీ కదలకుండా ఉన్నానా లేదా అన్నది కూడా ఆవిడే రాస్తారు.

మూడు వారాల్లో అలా 60 బాణాలు రాశారు. మిగిలినవి 23, వాటిలో తగిలినవి 11. మిగలనివి 37, వాటిలో తగిలినవి 6. అరవై బాణాలతో ఏదీ రుజువు కాదని తెలుసు, నా ఉద్యోగమే డేటా. అయినా ఆ పేజీ చూసి ఆవిడ ఏమీ అనకుండా పెన్ను మూత పెట్టి నా చేతిలో పెట్టారు.

మూడోది వినడం. వరసలో వేసేటప్పుడు ముందువాళ్ళ నారి చప్పుడు వినగానే మనం విల్లు పైకెత్తాలి. ఆ చప్పుడుకి 'త్సురునె' అని పేరు. వెనక్కి తిరిగి చూడకూడదు, పక్కకి చూడకూడదు. మొదట్లో నా బాణం గురించిన టెన్షన్‌లో ఆ చప్పుడే వినపడేది కాదు. ఇప్పుడు ముందున్నవాళ్ళ పాదం నేల మీద జరిగినా తెలుస్తోంది. మిగిలిన మనసు అంటే నా బాణం చుట్టూ మాత్రమే మిగిలేది కాదేమో అనిపించింది అప్పుడే.

సామాను సంగతి త్వరగా. విల్లు ఇంకా దోజోదే, ఫైబర్ గ్లాస్. గ్లవ్ నాది, మూడు వేళ్ళది, జింక తోలు, 26,000 యెన్‌లు. తడి తగిలితే పాడవుతుంది కాబట్టి లోపల వేసే కాటన్ తొడుగులు వేసవిలో రోజుకి రెండు మారుస్తాను. దీన్ని మోకాళ్ళ మీద కూర్చునే తొడుక్కోవాలి. ఆరు అల్యూమినియం మిశ్రమం బాణాలు 17,000. నేను లాగేంత పొడవు కంటే దాదాపు పది సెంటీమీటర్లు ఎక్కువ ఉంచుకున్నాను, కొత్తవాళ్ళు ఎక్కువ లాగేస్తే బాణం మొన లోపలికి వచ్చేస్తుంది, ప్రమాదం. విల్లుకి నారి తగిలించాక పట్టు దగ్గర నుంచి నారికి 15 సెంటీమీటర్లు ఉండాలి. పిడికిలి పెట్టి బొటనవేలు నిలబెడితే సుమారుగా సరిపోతుంది, రోజూ చూసుకోవాలి, కొత్త నారి సాగుతుంది.

బాణం తోక గాడి కూర్చునే చోట నారి మీద జనపనార పోగులు జిగురుతో చుట్టాలి. దుకాణంలో కొనే నారికి ఇది ఉండదు. నేను పాత నారి చివర్ల నుంచి పోగులు విప్పి, కార్పెంటర్లు వాడే తెల్ల జిగురు రాసి, రెండు చిన్న చెక్కల మధ్య దొర్లిస్తాను. మొదటిసారి లావుగా చుట్టేశాను, గాడి పగిలింది. పల్చగా ఉంటే లాగేటప్పుడు బాణం జారి కింద పడుతుంది. గాడి ఎక్కించి బాణాన్ని వేలాడదీస్తే ఆగాలి, వేలితో చిన్నగా తడితే రాలాలి. అదే కొలత.

నారి కళ్ళద్దాలకి తగలదా అని అద్దాలు పెట్టుకునేవాళ్ళు అడుగుతున్నారు: తగులుతుంది, నారి ఒకసారి నా కళ్ళజోడుని ఎగరగొట్టింది. ముఖం లక్ష్యం వైపు పూర్తిగా తిప్పకపోవడం వల్ల. ఎడమ ముంజేతి లోపలి వైపు నల్లగా కమిలిన మచ్చ మొదటి రెండు నెలలు ఉంది, వీడియో కాల్‌లో అమ్మ చూసి "ఎవరు కొట్టార్రా" అంది. మోచేతి లోపలి వైపు పైకి కాకుండా పక్కకి ఉండేలా తిప్పితే ఆ బాధ పోయింది.

నిన్న శనివారం. చలి, నేల మంచులా ఉంది, పాదాలకి తబి సాక్సులు ఉన్నా లాభం లేదు. 20 వేశాను, తగిలినవి 6, మిగిలినవి 11. పదిహేడో బాణం తప్పింది, లక్ష్యానికి ఎడమ పక్కన ఇసుకలో దిగింది. అయిదు లెక్కపెట్టాక వదిలాను, వదిలాక మూడు లెక్కపెట్టాను, అది ఎక్కడ తగిలిందో నిజంగానే చూడలేదు. విల్లు దించుతుంటే వెనక సెన్సెయ్ ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడం ఇదే మొదటిసారి.

బాణాలు తేవడానికి వెళ్ళినప్పుడు ఒక చేత్తో ఇసుక అదిమి, రెండో చేత్తో బాణాన్ని ఇసుక దగ్గరగా పట్టుకుని కాస్త తిప్పుతూ లాగాలి. ఆ పదిహేడోది గట్టిగా దిగి ఉంది. గుడ్డతో మొన తుడుస్తుంటే పెద్దావిడ పక్కకొచ్చి, ఈ గాడి కూడా వదులవుతోంది, మార్చుకో అన్నారు. మంగళవారం జిగురు కొనాలి. వచ్చే నెల కూడా 10 కిలోల విల్లుతోనే.